లేనివాణ్ణి కల్పించడమా, ఉన్నవాణ్ణి చూపించడమా: ఏది మేలు?

చారిత్రక యుద్ధకళల సినిమాల్లో రకరకాల జాతుల మనుషులు కనబడాలి. ఆ మాట మీద నాకు పేచీ లేదు. ఎలా కనబడాలి అన్న దగ్గరే రెండు దార్లున్నాయి. జరిగిన కథలోకి లేని మనిషిని తెచ్చి పెట్టడం ఒకటి. నిజంగా అక్కడే ఉండి, ఎవరి కంటా పడని మనిషిని వెతికి తేవడం రెండోది.

మొదటి దారికి 2013లో వచ్చిన ‘47 రోనిన్’ సరైన ఉదాహరణ. 1701లో జపాన్‌లోని ఎడో (ఇప్పటి టోక్యో) కోటలో అసానో అనే ప్రభువు కిరా అనే అధికారి మీద కత్తి దూశాడు. ఆ నేరానికి ఆ రోజే అసానో తన కడుపు తానే కోసుకోవలసి వచ్చింది. ప్రభువు లేక రోనిన్‌లైన ఆయన సమురాయ్ యోధులు దాదాపు రెండేళ్లు పగను కడుపులో దాచుకుని, మంచు పడ్డ ఒక రాత్రి కిరా తల నరికి, సెంగకుజి గుడిలో తమ ప్రభువు సమాధి ముందు పెట్టారు. ఈ కథకు ప్రాణం ఆ ఓపికే. సినిమా ఇందులోకి కై అనే సగం ఆంగ్లేయుణ్ణి తెచ్చి, మంత్రగత్తెలతోనూ వింత మృగాలతోనూ పోరాడించింది. ఆ పాత్ర వేసిన కియాను రీవ్స్‌ది కూడా మిశ్రమ వంశమే, ఎంపికను నేను తప్పుపట్టను. కానీ కథ బరువంతా కై మీదికి పోయి, ఆ సమురాయ్‌ల అసలు నాయకుడు ఓయిషి పక్కకి జరిగాడు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇంకొకటి. 1639లోనే జపాన్ ప్రభుత్వం డచ్చి, ఆంగ్లేయ తండ్రులకు పుట్టిన పిల్లల్ని, వాళ్ల తల్లులతో సహా ఓడలెక్కించి బటావియాకు (ఇప్పటి జకార్తాకు) పంపేసింది. మిశ్రమ సంతానం పడ్డ అవమానమే చూపించాలనుకుంటే ఆ ఓడరేవు చాలదా? బిడ్డ చెయ్యి పట్టుకుని ఓడెక్కే తల్లి కంటే కల్పిత వీరుడు ఏం ఎక్కువ చెబుతాడు?

ఇక రెండో దారి. 1579లో ఇటలీ పాద్రీ వలిన్యానో వెంట ఒక ఆఫ్రికా మనిషి జపాన్‌లో దిగాడు. జపాన్ వాళ్లు యాసుకే అన్నారు. 1581లో క్యోటోలో ఆయన్ని చూసిన ఓదా నొబునాగా, అప్పటి జపాన్‌లో బలమైన ప్రభువు, ఆ నలుపు పూసిన రంగేమో అనుకుని, నడుం దాకా బట్టలు విప్పించి ఒళ్లు తోమించాడు. ఎంత తోమినా రంగు పోలేదు. ఈ సంగతి పాద్రీల రాతల్లో ఉంది. ఆ అవమానం తర్వాతే నొబునాగా ఆయన్ని కొలువులో పెట్టుకున్నాడు. ఒకే మనిషి అనుభవంలో చిన్నచూపు, మన్నన రెండూ ఉన్నాయి. ఏ రచయితా కష్టపడి కల్పించనక్కర్లేదు.

అయితే ఈ దారిలోనూ ఒక గుంట ఉంది. 2022లో వచ్చిన ‘ది వుమన్ కింగ్’ పశ్చిమాఫ్రికాలోని దహోమీ రాజ్యపు స్త్రీ సైన్యం అగోజీని తెరకెక్కించింది. ఆ ఆడవాళ్ల సాధన, గాయాలు, ఒకరి పట్ల ఒకరికున్న ప్రేమ చూస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. కానీ ఆ రాజ్యాన్నేలిన గెజో రాజు బానిసల వ్యాపారం వద్దనుకుని పామాయిల్ వైపు మొగ్గినట్టు చూపించారు. చరిత్రలో ఆయన ఆ వ్యాపారాన్ని చాలాకాలం నడిపాడు. 1852లో బ్రిటిష్ ఓడలు తీరాన్ని దిగ్బంధించాకే ఒప్పందానికి దిగాడు. కనబడనివాళ్లకు చోటివ్వడమంటే వాళ్లని మచ్చ లేనివాళ్లుగా చూపించడం కాదు. అలా తుడిచేస్తే వాళ్ల మనిషితనమే తగ్గిపోతుంది.

నా ఓటు రెండో దారికే, అదీ మనిషిని ఉన్నంత ఎత్తులోనే నిలబెడితే. యాసుకేని జపాన్‌ను కాపాడిన వీరుణ్ణి చెయ్యనక్కర్లేదు. 1582లో సొంత సేనాని అకెచి తిరగబడి, క్యోటోలోని హొన్నోజి గుడిలో నొబునాగా చనిపోయాక, ఆయన కొడుకు పక్షాన యాసుకే చాలాసేపు పోరాడాడు. చివరికి అకెచి మనిషొకడు వచ్చి కత్తి ఇచ్చెయ్యమంటే ఇచ్చేశాడు. మూడేళ్లలో ఆ మనిషికి ఆ దేశం ఏమైందో చెప్పడానికి, కత్తి వదిలే ఆ చేతిని చూపిస్తే చాలు.