లక్ష్యం పెట్టనిస్తుంది, తగ్గించుకోనివ్వదు

ఈ వాచీ గురించి, దానితో వచ్చే యాప్ గురించి కొన్న కొత్తలో ఒకసారి రాశాను. అప్పుడు అన్నీ మెచ్చుకోళ్లే. ఏళ్లు గడిచాయి, పట్టీ మార్చాను, అద్దం మీద గీతలు పడ్డాయి, కాబట్టి మళ్లీ రాస్తున్నాను. జీపీఎస్ ఎలా ఉంది, బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది లాంటివి ఎక్కడ చూసినా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్క ఫీచర్‌తోనే. ఏడాదికో లక్ష్యం పెట్టుకుని, దాన్ని గ్రూప్‌లో నలుగురితో పంచుకునే సదుపాయం ఉంది చూడండి, దాని మీద నాకు పీకల దాకా కోపం ఉంది.

నా సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే ఈ కోపం అర్థం కాదు. నాకు 62 ఏళ్లు. పరుగు మొదలుపెట్టిందే యాభై దగ్గర పడ్డాక. పతకాల పిచ్చి లేదు గానీ, రేసు అయ్యాక టైమ్ చూసుకోకుండా ఉండలేని రకం. బీపీ మాత్ర వేసుకుంటాను. ఎక్కువగా ఒక్కదాన్నే పరిగెడతాను. యాప్ గ్రూప్‌లో ఉన్నవాళ్లలో సగం మంది నా పిల్లల ఈడువాళ్లు, నన్ను ఆంటీ అని పిలుస్తారు. అందరూ మంచివాళ్లే. ఆ మంచితనమే తర్వాత తలనొప్పి అయింది.

లక్ష్యం అంటే యాప్‌కి తెలిసింది కిలోమీటర్లే. నేను ఏడాదికి 1200 పెట్టాను. అది ఆ అంకెని 365తో భాగించి, రోజుకి 3.3 కిలోమీటర్ల చొప్పున జనవరి నుంచి డిసెంబర్ దాకా తిన్నగా ఒక గీత గీస్తుంది. గీతకి పైన ఉంటే పచ్చరంగు, కింద ఉంటే ఎరుపు. షేర్ నొక్కితే ఆ రంగు గ్రూప్‌లో అందరికీ కనిపిస్తుంది. ఒకసారి షేర్ చేశాక ఆ అంకెని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. పెంచుకోవచ్చు, తగ్గించలేము. ఆపి ఉంచడం అనేదే లేదు.

మొదట్లో నచ్చిన మాట నిజమే. చలికి దుప్పటి తీయబుద్ధి కాని పొద్దుల్లో, "ఇవాళ పచ్చలోకి వస్తావా?" అని ఎవరో ఒకరు అడుగుతారని లేచి షూ కట్టుకున్న రోజులున్నాయి. ఇది ఒంటరి రన్నర్లకి వరం అని పాత సమీక్షలో రాశాను. ఆ మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. కాకపోతే ఇప్పుడు గమనిస్తే, లక్ష్యం షేర్ చేసిన రోజున వచ్చిన లైకులకి ఎంత మురిసిపోయానో, ఆ తర్వాతి వారమంతా అంత తక్కువ పరిగెత్తాను. ఇది నా ఒక్కదాని చపలత్వం కాదట. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2009లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగాల్లో, తాము ఏం కావాలనుకుంటున్నారో ఎదుటివాళ్లు గుర్తించాక వాళ్లు ఆ పని మీద పెట్టే శ్రమ తగ్గిందని తేలింది. మెప్పు ముందే అందేస్తే కొంత పని అయిపోయినట్టే అనిపిస్తుందన్నమాట. యాప్ తయారుచేసినవాళ్లు మాత్రం ఎంత మందికి చెబితే అంత పట్టుదల పెరుగుతుందనే లెక్కలోనే ఉన్నారు.

ఇంతవరకే అయితే ఈ సమీక్ష రాసేదాన్ని కాదు. అసలు సంగతి ఏడాది సగంలో జరిగింది. అప్పటికి 600 పూర్తయ్యాయి, రంగు పచ్చగానే ఉంది. ఎత్తు ఎక్కుతుంటే కుడి పిక్కలో చురుక్కుమంది. ఆగి నాలుగడుగులు వేసేసరికి మడమ నేలకి ఆనడం లేదు. ఫిజియో అమ్మాయి బొటనవేలితో పిక్క పొడవునా నొక్కుకుంటూ వచ్చి, అకిలిస్‌కి, అంటే మడమ వెనకుండే స్నాయువుకి, కాస్త పైన ఒకచోట ఆగింది. నేను ఎగిరిపడ్డాను. సోలియస్ అనే లోపలి కండరం కొద్దిగా చీరిందని, నెలన్నర పాటు పరుగు మాట ఎత్తొద్దని చెప్పింది. వయసు మళ్లిన రన్నర్లకి పిక్కలు, అకిలిస్ పట్టేయడం మామూలే, భయపడొద్దంది. గోడ పట్టుకుని మడమలు పైకి లేపి మెల్లగా దించే కసరత్తు ఇచ్చింది. నడకతో మొదలుపెట్టి, నొప్పి లేకపోతేనే మధ్యలో నిమిషం చొప్పున జాగింగ్ కలపమంది.

నేను సరేనన్నాను. యాప్ ఒప్పుకోలేదు.

రెండో వారానికే ఎర్ర రంగు వచ్చింది. నేను వెనకబడ్డానని, ఎన్ని కిలోమీటర్లు వెనకబడ్డానో లెక్కతో సహా, వారం వారం గ్రూప్‌లో పడటం మొదలైంది. అప్పు వాయిదా కట్టనివాళ్ల పేరు గోడ మీద రాసినట్టుంది. వెంటనే పిల్లల ఉత్సాహం. "కమాన్ ఆంటీ!" అని ఒకరు, పిడికిలి బొమ్మలు ఇంకొకరు. ఒక కుర్రాడైతే ఫౌజా సింగ్ వీడియో పంపాడు. నూరేళ్ల వయసులో 2011 టొరంటో మారథాన్ పూర్తిచేశారాయన, మీకేమైంది అని. ఆయనంటే నాకు చాలా గౌరవం. కానీ అదే ఫౌజా సింగ్ 2013లో ఒక 10 కిలోమీటర్ల పరుగుతో, ఇక చాలని, పోటీల నుంచి తప్పుకున్నారు కూడా. ఆ వీడియో ఎవరూ పంపరు.

పిక్క సంగతి గ్రూప్‌లో రాస్తే సరిపోయేది కదా అంటారేమో. రాశాను. యాప్ దాన్ని చదవదు కదా, మళ్లీ సోమవారం ఎర్ర నోటిఫికేషన్ వదిలేది. నా మెసేజ్ చూడని నలుగురు మళ్లీ కమాన్ అనేవాళ్లు. నాకు పిక్క నొప్పి కన్నా సోమవారం టెన్షన్ ఎక్కువైంది.

సరే, లక్ష్యాన్నే తీసేద్దామని డిలీట్ నొక్కాను. తీసేసింది, కానీ నేను లక్ష్యాన్ని వదులుకున్నానని నా పేరుతో, ఫొటోతో గ్రూప్‌కి కబురు పెట్టింది. అలా పెడుతుందని డిలీట్ చేసే ముందు ఒక్క మాట అడగలేదు. మర్నాడు మా అన్నయ్య ఫోన్. ఆయన ఆ గ్రూప్‌లో లేనే లేడు, వాళ్లబ్బాయి చూసి చెప్పాడట. "ఏంటమ్మా, పరుగు మానేశావట, ఒంట్లో బాగానే ఉందా? దాచకు" అని ఒకటే ఖంగారు. పిక్క పట్టిందన్నయ్యా అంటే నమ్మడానికి పావుగంట పట్టింది.

కస్టమర్ సపోర్ట్‌కి రాశాను. నా అభిప్రాయం వాళ్లకి ఎంతో విలువైనదని జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే, కొత్త లక్ష్యం పెట్టుకుని షేర్ చేయమన్నారు. పాజ్ గురించి అడిగితే ఆలోచిస్తామన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నట్టున్నారు.

పరువు సంగతి పక్కన పెట్టండి. అంతకన్నా నన్ను భయపెట్టింది ఒకటుంది. డిలీట్ చేయకముందు, పిక్క నయమై ఫిజియో మెల్లగా మొదలుపెట్టమన్న వారం, యాప్ నాకొక సలహా ఇచ్చింది. మిగిలిన 600 కిలోమీటర్లు 26 వారాల్లో అయితే వారానికి 23 చాలు. నెలన్నర పోయింది కాబట్టి ఇప్పుడవే 600 కిలోమీటర్లు 20 వారాల్లో పూర్తిచేయాలి, అంటే వారానికి 30. గాయం నుంచి అప్పుడే లేచిన మనిషికి, గాయానికి ముందుకన్నా వారానికి 7 కిలోమీటర్లు ఎక్కువ పరిగెత్తమని చెబుతోంది! అదే వారం ఫిజియో ఇచ్చిన చీటీలో ఉన్నది నడక మధ్యలో పది నిమిషాల జాగింగ్. పాతికేళ్ల కుర్రాడు ఆ సలహా విన్నా పెద్దగా ఏమీ కాకపోవచ్చు. నా వయసులో వింటే మళ్లీ ఫిజియో బల్ల మీదికే.

ఇంకో చిన్న ఫిర్యాదు. ఆ నెలన్నరా నేను ఖాళీగా కూర్చోలేదు. మడమలు లేపడం, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేవడం, ఒంటికాలి మీద నిలబడటం, అన్నీ చేశాను. యాప్ గోల్‌లో అవేవీ పనికింద లెక్కకి రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పెద్దలందరికీ వారానికి కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం ఉండాలని, 65 దాటినవాళ్లకి దాంతోపాటు బ్యాలెన్స్ పెంచే కసరత్తు మూడు రోజులైనా ఉండాలని రాశారు. మూడేళ్లలో నేనూ ఆ గుంపులో చేరతాను. ఈ యాప్ మాత్రం అప్పటికీ కిలోమీటర్లే అడిగేలా ఉంది.

ఇంత తిట్టాక మెచ్చుకోవాల్సింది ఒకటుంది. గోల్ పేజీలో కాదు, రేసు ఫలితాల పేజీలో, ఎవరూ నొక్కని మూలన, ఏజ్ గ్రేడ్ అని శాతంలో ఒక అంకె చూపిస్తుంది. వరల్డ్ మాస్టర్స్ అథ్లెటిక్స్ (35 దాటిన అథ్లెట్ల ప్రపంచ సంస్థ) పట్టికల ఆధారంగా, మీ వయసులో, మీ దూరానికి ఉండగల అత్యుత్తమ టైమ్‌ని మీ టైమ్‌తో భాగించి చెప్పే అంకె అది. 60 శాతం దాటితే స్థానిక స్థాయి, 70 ప్రాంతీయ స్థాయి, 80 జాతీయ స్థాయి, 90 ప్రపంచ స్థాయి అని స్థూలంగా లెక్క. నా పాత 10 కిలోమీటర్ల టైమ్‌లు వరసగా తిరగేస్తే, పదేళ్ల కిందటికన్నా ఇప్పుడు నాలుగు నిమిషాలు నెమ్మదించాను, శాతం మాత్రం కాస్త పెరిగింది. ఆ రాత్రి మా ఆయన్ని నిద్రలేపి చూపించాను. నిమిషాల లెక్కలో ఇక నాకు కొత్త రికార్డు రాదు. ఈ లెక్కలో ఇప్పటికీ రావచ్చు. దీన్ని గోల్‌గా పెట్టుకునే వీలు ఎందుకివ్వలేదో వాళ్లకే తెలియాలి.

ఈ పట్టికల విలువ తెలియాలంటే కెనడా రన్నర్ ఎడ్ విట్‌లాక్‌ని చూడాలి. 73 ఏళ్ల వయసులో, 2004లో, ఆయన మారథాన్‌ని 2 గంటల 54 నిమిషాల 48 సెకన్లలో ముగించారు. వయసు లెక్క కడితే అది అప్పటి ప్రపంచ రికార్డు పక్కన నిలబడే పరుగు. అంతటి మనిషి ఇంటి దగ్గరి శ్మశానంలో చుట్లు కొడుతూ సాధన చేసేవారు. ఎన్ని చుట్లో లెక్కపెట్టేవారు కాదు, చూసుకునేది గంటలే. మోకాళ్లు మొరాయిస్తే నెలలకి నెలలు ఆపేసి, మళ్లీ నడకతో, చిన్న పరుగులతో మొదలుపెట్టేవారు. ఆయన్ని ఈ యాప్‌లో పెడితే ఏడాదిలో సగం ఎర్రరంగే.

గుండె వేగం బాగా చూపిస్తుందని పాత సమీక్షలో రాశాను. కూర్చున్నప్పుడు, నడిచేటప్పుడు బాగానే చూపిస్తుంది. చలి పొద్దుల్లో, పట్టీ కాస్త వదులైతే, గుండెని వదిలేసి అడుగుల్ని లెక్కపెడుతుందేమో అనిపించేలా ఒక్కసారిగా 170కి పోతుంది. ఛాతీ పట్టీ కట్టుకుంటే ఆ బాధ ఉండదు. పైగా యాప్ జోన్లని, అంటే ఏ గుండె వేగానికి ఎంత శ్రమో చెప్పే మెట్లని, 220లోంచి వయసు తీసేసే పాత సూత్రంతో కడుతుంది. అలా నా గరిష్ఠ గుండె వేగం 158 వస్తుంది. 2001లో తనాకా బృందం ఇచ్చిన సూత్రం, అంటే 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేస్తే, 165 దగ్గర వస్తుంది. రెండూ సగటు లెక్కలే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. నేను వేసుకునేది బీటా బ్లాకర్ మాత్ర కాబట్టి నాకు రెండూ పనికిరావు. ఆ మందు గుండె వేగాన్ని ఎక్కువగా పెరగనివ్వదు. ఎంత ఆయాసపడుతున్నా వాచీ మాత్రం "తేలికపాటి శ్రమ" అంటుంది. మాట్లాడుతూ పరిగెత్తగలిగితే తేలిక, మాట తెగిపోతుంటే కష్టం, నేను నమ్మేది ఈ ఒక్క కొలతనే. మీరూ అలాంటి మందులు వాడుతుంటే జోన్ల సంగతి డాక్టర్‌ని అడగండి, వాచీని కాదు.

ఇప్పుడెలా వాడుతున్నానంటే, షేర్ చేసే లక్ష్యం ఏదీ పెట్టలేదు. నా ఒక్కదానికే కనిపించేలా వారం లక్ష్యం ఒకటి పెట్టుకున్నాను, అదీ నిమిషాల్లో. షేర్ చేయనిదాన్ని ఎన్నిసార్లైనా తగ్గించుకోవచ్చు. ఏజ్ గ్రేడ్ శాతం ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఎవరికైనా చెప్పాలంటే ఇద్దరికే చెబుతాను. ఒకరు నాకన్నా రెండేళ్లు పెద్దయిన అక్క, ఆవిడా రన్నరే. రెండోది ఫిజియో. "ఈ వారం తగ్గించాను" అని చెబితే ఎందుకు అని అడిగే ఇద్దరూ వీళ్లే. మిగతావాళ్లు కమాన్ అంటారు.

కొనొచ్చా అంటే, వాచీ వరకు కొనొచ్చు. దారి చూపిస్తుంది, దూరం కొలుస్తుంది, గట్టిది. మీకు నలభై లోపు ఉండి, గాయాలు లేకుండా, పదిమంది చూస్తుంటేనే కదిలే రకం అయితే గోల్ షేరింగ్ కూడా మీకు నచ్చవచ్చు, మా గ్రూప్‌లో చాలామందికి నచ్చింది. అరవై దాటి, మందులు వాడుతూ, ఏడాదికోసారైనా ఏదో ఒకటి పట్టేసే నాలాంటి వాళ్లయితే షేర్ బటన్ జోలికి వెళ్లకండి. ఒకవేళ ఇప్పటికే షేర్ చేసి ఉంటే డిలీట్ చేసే ముందు సెట్టింగ్స్‌లో గ్రూప్ నోటిఫికేషన్లు ఆపేయండి. ఆ బటన్ ప్రైవసీ కింద లేదు, ప్రొఫైల్ కింద మూడో పేజీలో ఉంది. అన్నయ్య ఫోన్ చేశాకే నాకది దొరికింది.