ఆంధ్రభారతి నిఘంటు శోధన: ‘కమ్మని’ మాట వెంట

తెలుగు మాటల అర్థాలను వెదికేవారికి ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధన ఉచితంగా లభిస్తున్న అమూల్యమైన సేవ. బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి అనేక కోశాలను ఒక్కసారిగా గాలించి, ఫలితాలను ఒకేచోట చూపుతుంది.

నెల్లూరు ఇళ్లలో పప్పన్నంలో నెయ్యి కలుపుకొని ‘కమ్మగా ఉంది’ అనడం నిత్యం వినేదే. రుచికే చెందినదని మనం అనుకునే ఈ మాటకు ఆధారమైన ‘కమ్మ’కు పరిమళమని అర్థం ఉన్నదనీ, కవుల ‘కమ్మతెమ్మెర’ సువాసన మోసుకొచ్చే గాలి అనీ తెలిసినప్పుడు కలిగే ఆనందం చెప్పనలవి కాదు. ఆకు, లేఖ, చెవి ఆభరణం అనే అర్థాలున్న మరొక ‘కమ్మ’ కూడా ఉన్నది.

అయితే సోదర భాషలతో పోలిక కావాలంటే ద్రావిడ వ్యుత్పత్తి కోశాన్ని ఆశ్రయించవలసిందే. మన పొరుగున ఉన్న తమిళంలో పరిమళించడాన్ని తెలిపే ‘కమళ్’ ధాతువు మన ‘కమ్మ’కు చుట్టమని అక్కడే తెలుస్తుంది. పాత కోశాల వివరణలు గ్రాంథికంలో, అరసున్నలతో ఉంటాయి కనుక బడిపిల్లలకు ఉపాధ్యాయులు పక్కన కూర్చుని చదివి చెప్పడం అవసరం.