పానగల్ చెరువు కట్ట మీద ఎనిమిది నెలలు: 1,650 రూపాయల రాడ్డు, రీల్ సెట్టు

సాగర్ కాలువలకు మొదటిసారి నీళ్లు వదిలిన ఏడాదే, అంటే 1967లో, నేను పుట్టానని మా అమ్మ లెక్క. మాది మిర్యాలగూడ పక్క ఊరు, ఇంటి వెనకే మేజరు కాలువ, ఇంకేముంది, బడి కంటే ముందు గాలం అబ్బింది. వెదురు కట్టె, నైలాన్ దారం, నెమలీక కాడతో బెండు, పెంటకుప్ప పక్కన తవ్వితే దొరికే ఎర్రలు. యాభై ఏళ్లు ఇదే నా సామాను. మొన్న మృగశిర కార్తెకు మావాడు ఆన్‌లైన్‌లో 1,650 పెట్టి ఈ సెట్టు తెప్పించి "బాపూ, ఇగ ఆ కట్టె పొయ్యిల పెట్టు" అన్నాడు. కోపం వచ్చింది కానీ ఆ సాయంత్రమే నల్లగొండ పక్కన పానగల్ ఉదయ సముద్రం కట్టకు తీసుకుపోయా, ఆశ ఎక్కడికి పోతుంది.

పెట్టెలో వచ్చినవి: మడిస్తే రెండడుగులు, లాగితే ఏడడుగులు అయ్యే ఫైబర్ రాడ్డు, ఒక రీల్, దానికి చుట్టిన దారం, పది పన్నెండు గాలాలు, ఎరకు బదులు వేసే రెండు రబ్బరు కప్పలు, ఒక సంచి.

ముందు రీల్ సంగతి చెప్పాలి, ఎందుకంటే డబ్బులన్నీ దానికే. కట్టె గాలంతో పెద్ద చేప పడితే రెండే దారులు, గుంజడమో తెగడమో. మా మేనమామకు ఒకసారి వాలుగ పడితే అది కట్టెతో సహా లాక్కుపోయింది. కాలువ మధ్యలో ఆ కట్టె నిలబడుతూ పడిపోతూ పోతుంటే మామ లుంగీ గట్టు మీద వదిలేసి దూకాడు, రెండు తూములు దాటాక కట్టె దొరికింది, చేప లేదు, తిరిగొచ్చేసరికి లుంగీ కూడా లేదు. ఈ రీల్‌కు డ్రాగ్ అని ముందు వైపు ఒక బిరడా ఉంటుంది. దాన్ని బిగించిన మేరకే పట్టు ఉంటుంది, అంతకు మించి చేప లాగితే దారం తెగకుండా జారుతుంది. ఆగస్టులో ఒక పొద్దున బెండు రెండుసార్లు తల ఊపి నిలువునా మునిగింది, ఎత్తానో లేదో రీల్ కిర్ర్‌ర్ అని అరుస్తూ నలభై గజాల దారం పోయింది. అది లాగినప్పుడు ఇవ్వడం, ఆగినప్పుడు చుట్టుకోవడం, ఇట్లా పావుగంట. ఒడ్డుకొచ్చాక చూస్తే రవ్వ, మూడు కిలోల పైనే. కట్టెతో అయితే అది నాకు మొహం కూడా చూపించేది కాదు.

ఇక తిట్టాల్సినవి. సెట్టుతో వచ్చిన దారం మొదటి రోజే తీసి పారేయండి. ఎన్నాళ్లు షెల్ఫులో ఉందో ఏమో, స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా లేస్తుంది, ముడి దగ్గర పుటుక్కుమంటుంది. (ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి, పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే చస్తుంది.) నేను 0.30 మిల్లీమీటర్ల దారం విడిగా కొని ఎక్కించా, పానగల్‌కు అది చాలు. గాలాలు కూడా అంతే, కిలో జెల్ల పడితే వంపు విప్పుకుని సూదిలా అయ్యాయి.

రెండో నెలలో కొత్త దారం కూడా ఊరికే తెగుతుంటే చేపలనే తిట్టుకున్నా. తర్వాత ఎండలో పెట్టి చూస్తే రాడ్డు కొసన దారం దూరే రింగు లోపలి పింగాణీకి వెంట్రుక మందం పగులు. పాత బనీను ముక్క లోపల తిప్పితే పోగులు పట్టుకున్నాయి. ప్రతి విసురుకూ దారాన్ని కోస్తున్నది అదే. కంపెనీకి ఫొటోలు పంపితే వాళ్లిచ్చిన జవాబు: నీళ్ల వల్ల పాడైతే వారంటీ వర్తించదు. చేపల రాడ్డుకండీ! చివరికి ఎనభై రూపాయలకు వేరే రింగు కొని, దారం చుట్టి, పైన జిగురు పూశా.

మడత రాడ్డుకు ఇసుక శత్రువు. తడి గట్టు మీద పడుకోబెట్టారా, కీళ్లలో ఇసుక చేరి ముయ్యనివ్వదు. నేను ఒకసారి ఏడడుగుల రాడ్డును తెరిచే బస్సెక్కించి నల్లగొండ దాకా కండక్టర్‌తో తిట్లు తిన్నా. ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగండి.

రబ్బరు కప్పలకు మాత్రం పూర్తి మార్కులు. కొర్రమట్ట గాలి పీల్చడానికి పైకి వస్తుంది కదా, తామరాకుల మధ్య గుప్పుమని బుడగ కనిపించిన చోటికి రెండడుగులు అవతల విసిరి మెల్లగా దాని మీదుగా లాగితే, నీళ్లు పగిలినట్టు కొడుతుంది. ఎర్రెర్రగా పిల్లల గుంపు కనిపిస్తే మాత్రం విసరకండి, కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది, దాన్ని తీస్తే పిల్లలు మిగలవు.

కట్టె అలవాటున్నవాళ్లు విసరడం నేర్చుకోవడానికి నెల పడుతుంది. మొదటి రోజు నేను బలంగా వెనక్కి ఎత్తి విసిరితే చెరువులో పడింది గాలం ఒక్కటే కాదు, మా దోస్తు భుజం మీది తువ్వాల కూడా. ఇంకోసారి నా బొటనవేలికే దిగింది. గాలానికి ఎదురు ముల్లుంటుంది, వెనక్కి రాదు, ముందుకే నెట్టి కొన బయటికి తెచ్చి ముల్లు కత్తిరించాలి. కట్ట దగ్గర పంక్చర్ షాపాయన కటింగ్ ప్లేయరు పట్టుకుని నాకంటే ఎక్కువ వణికాడు. తర్వాత టీటీ ఇంజెక్షన్. ఇప్పుడు ప్లేయరు నా జేబులోనే ఉంటుంది.

పెట్టె మీద రాయనిది ఒకటి చెప్తా. కార్బన్ రాడ్డుకు కరెంటు పాస్ అవుతుంది. మన కట్టల మీద, బావుల దగ్గర తీగలు ఎంత కిందికి వేలాడతాయో తెలుసు కదా, ఫైబరైనా తడిగా ఉంటే నమ్మొద్దు, పైకి చూసి విసరండి. చెరువు మీద హక్కు మత్స్యకారుల సొసైటీది, వాళ్లను అడిగే గాలం వెయ్యండి.

అయిదుకు మూడు స్టార్లు, ఆ మూడూ రీల్‌కు, కప్పలకు. పరకలకు, జెల్లలకు ఇప్పటికీ వెదురు కట్టే తీస్తా, చిన్న చేప ముట్టింది అందులోనే చేతికి తెలుస్తుంది. సంచి కూడా గట్టిది, జిప్పు బాగుంది. మా ఆవిడ కూరగాయలకు తీసుకుపోతోంది.