చేతి ముడా, టైటానియం క్లిప్పా: వాల్వ్ కుట్టేటప్పుడు ఏది మేలు?

ఈమధ్య గుండె వాల్వ్ ఆపరేషన్‌కి వచ్చేవాళ్ల పిల్లలు ఫోన్లో వీడియో చూపించి మరీ అడుగుతున్నారు: "డాక్టర్ గారూ, మా నాన్నకి ముడులు చేత్తో వేస్తారా, మెషీన్‌తోనా?" మా పీజీలదీ అదే గొడవ. కాకపోతే వాళ్లు "కార్-నాట్ ఎప్పుడు తెప్పిస్తారు సార్" అంటారు. కార్-నాట్ అంటే ముడికి బదులు టైటానియం క్లిప్పు బిగించే పరికరం. పోయిన నెల రెండు రోజుల తేడాతో ఒక కేసు చేత్తో, ఇంకో కేసు క్లిప్పులతో చేశాను. అవి మరిచిపోకముందే రాస్తున్నాను.

క్లిప్పుల గురించి ఎవరు మాట్లాడినా ముందు చెప్పేది టైమ్ గురించే. తప్పు కాదు. వాల్వ్‌కి 15 కుట్లు, కుట్టుకు 6 ముడులు అనుకుంటే 90 సార్లు వేళ్లు దిగి రావాలి, అదీ గుండె ఆపి ఉంచిన టైమ్‌లో. క్లిప్పు అయితే దారం రెండు కొసలనూ పరికరంలోకి లాగి, దాని మూతిని వాల్వ్ చుట్టూ ఉండే గుడ్డ రింగుకి ఆనించి, పిడి నొక్కడమే. చిన్న టైటానియం గొట్టం దారాన్ని కరిచి పట్టుకుంటుంది, మిగిలిన కొసలు కూడా అప్పుడే తెగిపోతాయి.

కానీ ఆ మిగిలిన నిమిషాలు ఎప్పుడు పనికొస్తాయన్నది వేరే ప్రశ్న. మొదటి కేసు ముప్పై దాటిన అమ్మాయి. చిన్నప్పటి కీళ్లవాత జ్వరం (రుమాటిక్ ఫీవర్) గుండె ఎడమ వైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌ని తినేసింది. రొమ్ము ఎముక మధ్యగా తెరిచాం, మెకానికల్ వాల్వ్ (డిస్కులతో తెరుచుకుని మూసుకునే కృత్రిమ వాల్వ్) పెట్టాం. వేలు నేరుగా రింగు దాకా వెళ్తోంది. అసిస్టెంట్ సిరంజితో వేళ్ల మీద సెలైన్ చల్లుతుంటే తడి దారం జారుతూ దిగి కూర్చుంది. అక్కడ క్లిప్పులు వాడినా నాకు కలిసొచ్చేది ఐదారు నిమిషాలు. గుండెని ఆపి ఉంచే డెల్ నిడో ద్రావణం ఒక్క డోసుతో గంట, గంటన్నర నడిచే చోట ఆ ఐదారు నిమిషాలతో ఆ అమ్మాయికి ఒరిగేదేమీ లేదు.

రెండో కేసులో కోత కుడి పక్కన, పక్కటెముకల మధ్య, ఆరు సెంటీమీటర్లు. వేలు పోదు. చేత్తో వేయాలంటే ప్రతి ముడినీ నాట్ పుషర్ అనే పొడుగాటి పుల్లతో లోపలికి తోయాలి. ఒక ముడికీ ఇంకో ముడికీ మధ్య దారం కాస్త వదులైతే చాలు, పైకి బిగిసినట్టే కనిపిస్తుంది, కింద సందు ఉంటుంది. మేం ఎయిర్ నాట్ అంటాం. తర్వాత ఎకోలో వాల్వ్ పక్కనుంచి లీకుగా బయటపడేది అదే. ఇలాంటి చోట క్లిప్పుకి సాటి లేదు. నా లెక్కలో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే: వేలు రింగుని తాకుతుందా, తాకదా?

ఎందుకంటే వేలు చేసే పని ముడి వేయడం ఒక్కటే కాదు. సున్నం పేరుకున్న అయోర్టిక్ వాల్వ్ (గుండె నుంచి పెద్ద ధమనిలోకి రక్తం వెళ్లే దారిలోది) కేసుల్లో ఒక చోట కండ రాయిలా ఉంటుంది, పక్కనే తడిసిన కాగితంలా ఉంటుంది. ఎక్కడ ఎంత లాగాలో వేలికే తెలుస్తుంది. మరి వేలు తప్పు చేయదా అంటే, చేస్తుంది. కొన్నేళ్ల కిందట నా చేతి ముడే ఒకటి సడలి, ఎకో చూసి మళ్లీ బైపాస్ (గుండె-ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) మీదికి వెళ్లాల్సి వచ్చింది. క్లిప్పు బిగువు పొద్దున మొదటి కేసులో ఎలా ఉంటుందో సాయంత్రం అలసిపోయాకా అలాగే ఉంటుంది. ఈ విషయంలో దాన్ని మెచ్చుకోవాల్సిందే.

నాకు నచ్చనిది ఆ లోహమే. అది లోపలే ఉండిపోతుంది, గట్టిగా ఉంటుంది. వాల్వ్‌లో తెరుచుకుని మూసుకునే పల్చటి రేకు వైపు వాలితే టిష్యూ వాల్వ్ (జంతు కణజాలంతో చేసినది) రేకుని రాసి రాసి చిల్లి పెట్టిన కేసులు జర్నల్స్‌లో వచ్చాయి. రిపేర్ చేసి రింగు వేసిన సొంత వాల్వ్‌లో కూడా అలా జరిగింది. అందుకే ప్రతి క్లిప్పూ బయటి వైపు తిరిగి ఉందో లేదో చూసుకోవాలి. దారం కొస పొడుగ్గా వదిలేస్తే మెకానికల్ వాల్వ్ డిస్క్‌లో ఇరుక్కోవచ్చు కాబట్టి చేతి ముడి కూడా పూర్తిగా నిర్దోషమని అనను. కానీ దాన్ని కత్తిరిస్తే సరిపోతుంది.

ఖర్చు సంగతి రెండు ముక్కల్లో: ప్రతి కుట్టుకూ ఒక క్లిప్పు, వాడాక పరికరం పారేయాలి. ఆరోగ్యశ్రీ కేసుకి ఇచ్చేది ప్యాకేజీ మొత్తం. చేతి ముడికి కావాల్సిన దారం ఎలాగూ రింగులోనే ఉంది.

అసలు కుట్లే పెద్దగా అక్కర్లేని పెర్సెవాల్, ఇంట్యూటీ లాంటి వాల్వ్‌ల గురించీ అడుగుతున్నారు. అవి అయోర్టిక్‌కే, ధర వేరు, లెక్క వేరు. మైట్రల్‌కి ఒకే దారంతో చుట్టూ కుట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు. చేయి తిరిగినవాళ్లకి బాగానే ఉంటుంది, నేను చేయను.

కాబట్టి ఎముక తెరిస్తే చేయి, పక్కటెముకల మధ్యనుంచి వెళ్తే క్లిప్పు. పీజీలకి మాత్రం ఒక షరతు పెట్టాను. పరికరం మధ్యలో మొరాయిస్తే మిగిలిన కుట్లు వేళ్లే కట్టాలి. అందుకని స్టీలు చెంబు అడుగున కొక్కెం అతికించి, అందులో దారం తగిలించి, ముడి బిగించేటప్పుడు చెంబు కదలకుండా వేయమన్నాను. డ్యూటీ రూమ్ కిటికీలో ఇప్పుడు మూడు చెంబులున్నాయి. కదలకుండా వేస్తున్నది ఒక్కరే.