ఇంజిన్ ఆగినా ఏసీ ఆగదు: మా క్యామ్రీ హైబ్రిడ్‌తో తొమ్మిదేళ్లు, అమ్మకం దాకా

2022 డిసెంబర్‌లో బండి అమ్మేశాను. 2013 మోడల్ టయోటా క్యామ్రీ హైబ్రిడ్, అంటే పెట్రోల్ ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉన్న కారు, మీటర్ మీద 1,78,000 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ప్రకటన పెడితే పదయ్యేలోపు ఏడు ఫోన్లు వచ్చాయి. ఐదుగురు టాక్సీ నడిపేవాళ్లే. నేనేమో ‘ఫ్యామిలీ కార్, జాగ్రత్తగా వాడాం’ అని రాసి, పిల్లల సీట్లు కనిపించేలా ఫొటోలు పెట్టాను. వాళ్లెవరికీ ఆ ఫొటోలతో పని లేదు.

మైలేజీ గురించి, వెనక సీట్లో కాళ్లు చాపుకునే చోటు గురించి అందరికీ తెలుసు. మేముండే ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో టాక్సీ ఎక్కినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ వెనక సీట్లో కూర్చునే ఉంటారు. నేను చెప్పాలనుకున్నది ఏసీ గురించి.

మామూలు పెట్రోల్ కారులో ఏసీ కంప్రెసర్‌ను ఇంజిన్ బెల్టు తిప్పుతుంది. ఇంజిన్ ఆపితే కాసేపటికి వేడిగాలే. ఈ బండిలో కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది, వెనక సీటు వెనకున్న పెద్ద బ్యాటరీ నుంచి. దాని విలువ నాకు ఆఫీసు దారిలో కాదు, స్కూలు బయట తెలిసింది. ఫిబ్రవరిలో ఎండ 38, 39 డిగ్రీలు. చిన్నది వెనక నిద్రపోతుంటే నేను ముందు సీట్లో కూర్చుని పెద్దవాడి బెల్లు కోసం చూస్తుండేవాణ్ణి. అటూ ఇటూ ఉన్న కార్లన్నీ ఇంజిన్లు ఆన్ చేసుకుని గుర్రుమంటుంటే మాది చప్పుడు చేయకుండా చల్లగా ఉండేది. పది నిమిషాలకోసారి ఇంజిన్ తనంతట తాను లేచి, ఓ రెండు నిమిషాలు బ్యాటరీ నింపి, మళ్లీ పడుకునేది. మా ఆవిడ దీనికి ‘కునుకు’ అని పేరు పెట్టింది. కొన్న కొత్తలో ఇంటికొచ్చిన ప్రతివాళ్లనీ కారులో కూర్చోబెట్టి ఈ కునుకు చూపించాను. కొందరు మళ్లీ రాలేదు.

ఇదంతా మొదటి ఐదేళ్ల మాట.

2019 జనవరిలో ఒక రోజు వెస్ట్ గేట్ బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. బయట 40 దాటింది. వెనక సీటు దగ్గర్నుంచి హెయిర్ డ్రయ్యర్ లాంటి హోరు. అది కొన్ని వారాలుగా వస్తూనే ఉంది, ఏసీ గట్టిగా పనిచేస్తోందనుకుని మురిసిపోయాను. ఆ రోజు హోరు ఆగలేదు. అరగంటకి డాష్‌బోర్డ్ మీద హైబ్రిడ్ సిస్టమ్ చెక్ చేయించుకోమని హెచ్చరిక వెలిగింది. బండి నడుస్తోంది కానీ ఊపు లేదు. ఇద్దరు పిల్లలు, బ్రిడ్జి మీద ఆగే చోటు లేదు. అద్దాలు దించి, ఏసీ కట్టేసి, చెమటలు కక్కుతూ ఇల్లు చేరాం.

మొదట వెళ్లిన వర్క్‌షాప్‌లో కంప్యూటర్ తగిలించి చూసి, పెద్ద బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలి, 4,200 డాలర్లు అన్నారు. విప్పి చూశారా అని అడిగితే, అక్కర్లేదు, కోడ్ చెబుతోందన్నారు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. డబ్బు కట్టడానికి చేతులు రాక, తెలిసినవాళ్లు చెబితే సన్‌షైన్ అనే శివారులో ఒక షెడ్డుకి వెళ్లాను. వియత్నాం పెద్దాయన. వాకిట్లో నాలుగు క్యామ్రీలు, నాలుగూ టాక్సీలే. ఆయన వెనక సీటు విప్పి, బ్యాటరీని చల్లబరిచే ఫ్యాన్ బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. రెక్కల మధ్య బూడిదరంగు మెత్త పేరుకుపోయింది: సీటు నూలు, మా ఆవిడ జుట్టు, వాటి మధ్య నలిగిన జంతికల ముక్కలు. సీటు దగ్గరున్న జాలీలోంచి బండి లోపలి గాలిని లాగి ఆ ఫ్యాన్ బ్యాటరీ మీదికి తోస్తుంది. జాలీకి అడ్డంగా మేము ఐదేళ్లుగా డైపర్ల సంచి పెట్టాం! శుభ్రం చేసి, బ్యాటరీ లోపల నల్లబడ్డ రాగి పట్టీలు గీకి, 260 డాలర్లు తీసుకున్నాడు. టాక్సీ వాళ్లు ఆర్నెల్లకోసారి ఫ్యాన్ కడిగించుకుంటారు, బ్యాటరీ కాల్చుకునేది మీలాంటి ఇళ్లవాళ్లే అన్నాడు. హెచ్చరిక మళ్లీ రాలేదు.

అమ్మకం దగ్గరికి వస్తాను. ఇంటి వాడకానికి కొనే ఇద్దరికీ ఒకటే అనుమానం, ఇది పాత టాక్సీయేమోనని. ఒకాయన డోర్ల రబ్బరు పట్టీలు లాగి కింద పాత టాక్సీల పసుపు రంగుందేమో చూశాడు, టాప్ మీద లైటు తీసి పూడ్చిన చిల్లులున్నాయేమోనని చేత్తో తడిమాడు. తప్పులేదు, నేనైనా అదే చేస్తాను. టాక్సీ వాళ్లకి ఆ బెంగ లేదు. వాళ్ల లెక్కలో 1,78,000 అంటే ఇంకా చిన్న వయసే.

చివరికి కొన్నది మన తెలుగువాడే. ఫోన్లో ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో పక్కనెవరితోనో “ఆగరాదు” అన్నాడు, పట్టేశాను. నల్గొండ వైపు కుర్రాడు, టాక్సీ నడపబట్టి ఏడేళ్లు. టైర్లు తన్నలేదు, బానెట్ ఎత్తలేదు. “అన్నా, ఫ్యాన్ ఎప్పుడు కడిగించిన్రు?” అన్నది మొదటి ప్రశ్న. సన్‌షైన్ పెద్దాయన రసీదు చూపించేసరికి నా మీద గౌరవం కాస్త పెరిగినట్టనిపించింది.

తర్వాత ముందు సీట్లో కూర్చుని, ఏసీ 18లో పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాడు. ఇంజిన్ ఎన్ని నిమిషాలకి లేస్తుందో చూస్తున్నాడు. ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. “తుల్లమరీన్ ఎయిర్‌పోర్టు యార్డుల గంట, గంటన్నర కూసుంటం అన్నా. మొదట్ల నాది గ్యాస్ మీద నడిచే ఫోర్డ్ ఫాల్కన్. ఏసీ ఏస్తే ఇంజిన్ నడుస్తనే ఉండాలె. సంపాయించింది సగం యార్డులనే కాలిపోయేది” అన్నాడు. నేను స్కూలు బయట పడ్డ సుఖం ఇతనికి రోజుకి రెండుసార్లు డబ్బు లెక్క.

ఆరు నిమిషాల పది సెకన్లకి ఇంజిన్ లేచింది. నేను అందరికీ చెబుతూ వచ్చింది పది నిమిషాలు. కొన్నప్పుడు లెక్కపెట్టిన అంకె అది, మళ్లీ ఎప్పుడూ చూసుకోలేదు. బ్యాటరీ ముసలిదవుతోందన్నమాట. అతను ఇంకేమీ అనకుండా 700 తగ్గించమన్నాడు. రెండో తాళం కనబడట్లేదని ఒప్పుకున్నందుకు ఇంకో 300. పైన 200 దేనికంటే, “మనోళ్లమే గదన్నా” అన్నాడు. 15,500 అడిగినవాణ్ణి 14,300కి ఇచ్చాను. అప్పట్లో కొత్త హైబ్రిడ్‌లకి నెలల తరబడి వెయిటింగ్ ఉంది కాబట్టి పాతవాటికి ఆ ధర పలికింది, ఎప్పుడూ అలా ఉంటుందనుకోవద్దు.

కాగితాల పని గురించి ఒక్క మాట. మా విక్టోరియా రాష్ట్రంలో రెజో (బండి రిజిస్ట్రేషన్)తో సహా అమ్మాలంటే, బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని 30 రోజుల లోపు తీసిన రోడ్‌వర్తీ సర్టిఫికెట్ కావాలి. ముందు టైర్లు రెండూ, ఒక సస్పెన్షన్ బుష్ మార్చమన్నారు, 640 డాలర్లు. బ్రేక్ ప్యాడ్లు మాత్రం సగం పైనే ఉన్నాయి, ముందువి కంపెనీ నుంచి వచ్చినవే. బండి నెమ్మదించేటప్పుడు చాలా పని మోటారే చేస్తుంది కదా. టోల్ అకౌంట్‌లోంచి బండి నంబర్ తీసేయడం మాత్రం మరిచిపోయాను. నాలుగు రోజులు అతని ట్రిప్పులు నా ఖాతాలో పడ్డాయి, టాక్సీ కదా, బాగానే పడ్డాయి. మెసేజ్ పెట్టిన రాత్రే ఆ డబ్బు పంపించేశాడు.

మీరు కొనాలా అంటే మీ దారిని బట్టి. మాది టార్నీట్ శివారు నుంచి సిటీకి, పొద్దున్న గంటన్నర పాకుడు. అలాంటి చోట ఇది బంగారం. హ్యూమ్ హైవే మీద సిడ్నీ వెళ్లినప్పుడు మాత్రం మామూలు పెట్రోల్ బండికీ దీనికీ నాకు పెద్ద తేడా కనబడలేదు. అత్తగారు, మామగారు వచ్చినప్పుడు నాలుగు పెద్ద సూట్‌కేసులు డిక్కీలో ఎప్పుడూ పట్టలేదు, ఒకటి ఒళ్లోనే. ఇప్పుడున్నది ఏడు సీట్ల పెట్రోల్ బండి, సూట్‌కేసులు పడుతున్నాయి. స్కూలు బయట మేమూ గుర్రుమంటున్నాం.

పోయిన నెల ఆ రెండో తాళం దొరికింది, ఇండియా సూట్‌కేసు జిప్పు అరలో. అతనికి ఫోన్ చేసి చెప్పాను, ఆదివారం వచ్చి తీసుకుంటానన్నాడు. 300 తిరిగి అడగాలా వద్దా అన్నది మా ఆవిడా నేనూ ఇంకా తేల్చుకోలేదు.