మార్క్వెసాస్ దీవుల్లో లంగరు ఎక్కడ వేస్తే మేలు?

గలాపగోస్ నుంచి బయలుదేరిన సెయిల్‌బోటుకు మళ్లీ నేల కనిపించేది సుమారు 3,000 నాటికల్ మైళ్ల తర్వాత, ఫ్రెంచ్ పాలినేషియాలోని మార్క్వెసాస్ దీవుల దగ్గర. వారాల తరబడి వంతులవారీగా కునుకు తీసినవాళ్లకు అక్కడ కావలసింది పడవ ఊగని ఒక్క రాత్రి. పేరుమోసిన బేలలో, అంటే నేల లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లో, చాలాచోట్ల దొరకనిది సరిగ్గా అదే.

లంగరు వేసే చోటు అనగానే కొత్తవాళ్లు గాలి గురించే అడుగుతారు. ఇక్కడ గాలి సగం సమస్యే. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆగ్నేయ వ్యాపార పవనాలు వీస్తాయి, ఎత్తయిన కొండలు వాటిని చాలావరకు ఆపుతాయి. అలను ఆపేదే లేదు. బోరా బోరా చుట్టూ ఉన్న పగడపు గోడ లాంటిది మార్క్వెసాస్ చుట్టూ లేదు. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ అడ్డు లేని కాకినాడను ఊహించుకోండి, సంగతి అర్థమవుతుంది. దూరాన పుట్టిన పొడవాటి అలలు, అంటే స్వెల్, కొండ కొన దగ్గర వంపు తిరిగి బేలోకి దూరిపోతాయి. పడవ ముక్కు గాలికి ఎదురు తిరిగి నిలుస్తుంది, స్వెల్ మాత్రం పక్కనుంచి వచ్చి కొడుతుంది. గాలి లేని రాత్రి కూడా గిన్నెలు అలమారాలో దొర్లుతూనే ఉంటాయి. అందుకే ఇక్కడ బేలను పోల్చేటప్పుడు మొదట అడగవలసింది స్వెల్ ఏ దిక్కు నుంచి వస్తోందని. అడుగున ఏముందన్నది ఆ తర్వాత, గాలి చివర.

ఫతు హివాలోని హనవావే బే ఫొటోల్లో అన్నిటికన్నా అందమైనది. పడమటికి తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఆగ్నేయపు స్వెల్ పెద్దగా రాదు. చిక్కు అడుగుతో. ఒడ్డు దగ్గర పది పదిహేను మీటర్ల లోతులో చోటు కొద్దిగానే ఉంటుంది, అది ముందొచ్చినవాళ్లది. ఆపైన నేల నిటారుగా దిగిపోతుంది, ఇసుకలో బండరాళ్లు. లెక్క వేసి చూడండి: లోతు 20 మీటర్లు, పోటు ఒక మీటరు, నీటి మీద పడవ ముక్కు ఎత్తు ఒకటిన్నర, మొత్తం 22.5. లంగరు పట్టు నిలవాలంటే దానికి ఐదింతలు గొలుసు వదలాలి, అంటే 112 మీటర్లు. చాలా పడవల్లో ఉండేది 60 నుంచి 80. అంటే మహా అయితే మూడున్నర రెట్లకే సరిపెట్టుకోవాలి. పైగా లోయలోంచి ఉన్నట్టుండి 30 నాట్ల (గంటకు సుమారు 55 కిలోమీటర్ల) ఈదురుగాలి దిగుతుంది. ఆ జోరుకి గొలుసంతా నేల వదిలి లేస్తుంది, లంగరు పైకి లాగబడి జారుతుంది. ఒక్క ఊరట ఉంది: ఆ గాలి సముద్రం వైపుకే తోస్తుంది. జారినా వెనక రాళ్లు లేవు, లంగరు లోతులో వేలాడుతూ పడవ బయటికి తేలిపోతుంది. అయినా పడవలో మనిషి లేకుండా జలపాతం చూడ్డానికి వెళ్లడం తెలివితక్కువ పని. ఇంకో మెలిక, ఫతు హివా ప్రవేశ రేవు కాదు. కాగితాల పని హివా ఓవాలోనో నుకు హివాలోనో పూర్తి చేసుకోవాలి. ముందు హివా ఓవా చేరి తర్వాత ఇక్కడికి రావాలంటే 45 మైళ్లు గాలికి ఎదురెక్కాలి. కాగితాలు కాకముందే ఇక్కడ ఆగిపోదామన్న ఆశ అందుకే పుడుతుంది.

హివా ఓవాలోని తహౌకు బే దీనికి పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. అడుగున బురద, పట్టు గట్టిది. ఊరు అటువోనా నడిచి వెళ్లేంత దూరం, రేవు దగ్గరే పెట్రోలు బంకు. కానీ బే నోరు దక్షిణానికి ఉంది. కట్టిన అడ్డుగోడ చిన్నది, స్వెల్ దాన్ని చుట్టుకుని వచ్చి గోడలకు కొట్టి తిరిగొస్తుంది. చోటు ఇరుకు, పైగా సరుకుల ఓడ తిరగడానికి దారి వదలాలి. కాబట్టి ఇక్కడ వెనక లంగరు, అంటే పడవ వెనక నుంచి వేసే రెండో లంగరు, తప్పదు. ముక్కు స్వెల్‌కి ఎదురుగా నిలవాలి, పక్కపడవలు గిరగిరా తిరిగి ఢీకొనకూడదు, రెంటికీ అదే మందు.

వెనక లంగరు వేయడంలో చాలామంది తడబడేది తాడు దగ్గర. 12 మీటర్ల పడవకు ఏడు కిలోల అల్యూమినియం లంగరు, ఐదారు మీటర్ల గొలుసు, 40 మీటర్ల 14 మి.మీ. నైలాన్ తాడు సరిపోతాయి. మొదట పడవ ముక్కు వైపు లంగరు వేసి, రివర్స్‌లో ఇంజిన్ వేగం మెల్లగా పెంచుతూ లాగి, అది పట్టిందని ఒడ్డున రెండు గుర్తులు కలిపి చూసి నిర్ధారించుకోవాలి. తర్వాత వెనక లంగరును డింగీలో, అంటే పడవతో ఉండే చిన్న పడవలో, తీసుకెళ్లాలి. తాడు చుట్ట కూడా డింగీలోనే ఉండాలి, ఒక కొస మాత్రం పడవకు కట్టాలి. చుట్ట పడవలో ఉంచి డింగీతో లాక్కుపోతే, నీళ్లలో తాడు బరువుకి సగం దూరంలోనే డింగీ ఆగిపోతుంది. లంగరు వేశాక చేత్తో కాక వించ్‌తో (తాడు చుట్టి లాగే యంత్రంతో) బిగించాలి. గాలి పక్కకు తిరిగితే మాత్రం రెండు లంగర్ల మీదా భారం ఎన్నో రెట్లవుతుంది. అప్పుడు వెనక తాడుకు బోయా (నీటిపై తేలే గుర్తు) కట్టి వదిలేసి, పడవను గాలికి తిరగనివ్వడమే మేలు, పక్కవాళ్లకు తగలకుండా చోటుంటేనే.

బురదలో నాలుగు రోజులు కూరుకుపోయిన ఆ లంగరును తీయడం ఇంకో ప్రహసనం. దాని నెత్తి మీదికి వచ్చి, అల దిగిన క్షణంలో తాడు బిగించి కట్టేయండి. పడవను పైకెత్తే తర్వాతి అలలే దాన్ని ఊడబెరుకుతాయి, మీ నడుము కాదు. తహౌకు నీళ్లు మట్టిరంగులో ఉంటాయి, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే వాటర్‌మేకర్ వాడితే ఫిల్టర్లు పూడిపోతాయి. కాగితాలకు, డీజిల్‌కు తప్ప ఇక్కడ అదనపు రాత్రి ఉండక్కర్లేదు.

కాగితాల మాట వచ్చింది కాబట్టి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఒక మాట. ఫ్రెంచ్ పాలినేషియా షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు. యూరప్ వీసా ఉంది కదా అని బయలుదేరకుండా, అది ఇక్కడ చెల్లుతుందో లేదో ఫ్రెంచ్ కాన్సులేట్‌లో ముందే తేల్చుకోవాలి. సముద్రం మధ్యలో తేల్చుకునే సంగతి కాదది.

నుకు హివాలోని తైయోహే పని జరిగే చోటు. పెద్ద బే, పది పదిహేను మీటర్ల లోతు, మంచి పట్టు, దుకాణాలు, ఆసుపత్రి, శనివారం తెల్లవారకముందే మొదలై వెలుగొచ్చేసరికి ఖాళీ అయ్యే సంత. ఊపు తహౌకుకన్నా పెద్ద తేడా ఉండదు, ఇదీ దక్షిణానికే తెరుచుకుంది. కాకపోతే చోటు బాగా ఉంది, ఎవరికి వారు దూరంగా వేసుకోవచ్చు. రేవుగట్టు దగ్గర చేపలు శుభ్రం చేసేచోట షార్కులు తిరుగుతాయి, ఈత మానుకోండి.

అక్కడి నుంచి పడమటికి ఐదు మైళ్లు వెళ్తే హకతేయా. బయటి నుంచి చూస్తే కొండ గోడే, దగ్గరికి వస్తేగానీ దారి తెరుచుకోదు. లోపల తూర్పు పాయలో స్వెల్ చేరదు, లోతూ తక్కువే. గాలి మాత్రం సుడులు తిరుగుతుంది, పడవ గొలుసు మీద తనే చుట్టూ తిరిగి ముడి వేసుకుంటుంది, రోజుకోసారి చూసుకోవాలి. అసలు బాధ నోనోలు. కంటికి ఆనని ఈగలు, కుట్టినప్పుడు తెలియదు, మర్నాడు దురద మొదలవుతుంది. గోకితే పుండు పడుతుంది, ఆ వేడిలో త్వరగా మానదు. ఒడ్డు దిగేముందు కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా రాసుకోవాలి, ఇసుకలో కూర్చోకూడదు.

ఇక అనాహో. నుకు హివా ఉత్తర తీరాన, ఆగ్నేయపు స్వెల్‌కు వీపు తిప్పి ఉంటుంది. ఈ దీవుల్లో అరుదైన పగడపు దిబ్బ కూడా ఇక్కడుంది. నిద్ర కోసం వచ్చినవాళ్లకు ఐదింట్లో ఇదే మేలు, ఇందులో తటపటాయింపు లేదు. రోడ్డు లేదు, దుకాణం లేదు, కొండ దాటి హతిహేయుకు నడవాలి. సరుకులు తైయోహేలోనే నింపుకుని, తూర్పు కొసను గాలికెదురుగా చుట్టి రావాలి. ఆ కొన్ని మైళ్లు ఒళ్లు హూనం చేస్తాయి, తెల్లవారుజామున గాలి పడిపోయినప్పుడు బయలుదేరడం మంచిది.

అనాహోలో జాగ్రత్తంతా గొలుసుతోనే. ఇసుక మధ్య పగడపు గుట్టలు ఉంటాయి. సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు వచ్చి, లేతరంగు మచ్చ చూసుకుని లంగరు వేయాలి. గొలుసు పగడానికి చుట్టుకుంటే, 50 మీటర్లు వదిలినా పనిచేసేది పదిహేనే. ఒక్క పెద్ద అలకు గొలుసు కుదుపు తిని వించ్ ఊడిరావచ్చు. పది మీటర్ల లోతులో మొదటి 20 మీటర్ల గొలుసు నేల మీద ఉండనిచ్చి, ఆపైన ఆరేడు మీటర్లకొక తేలుడు బంతి కట్టాలి. మిగతా గొలుసు పగడానికి ఎత్తుగా వేలాడుతుంది, పగడమూ బతుకుతుంది. చివర ఎనిమిది మీటర్ల నైలాన్ స్నబ్బర్, అంటే సాగి కుదుపును మింగే తాడు, ఉంటే కుదుపు గొలుసుకు చేరదు.

నవంబరు నుంచి మార్చి వరకు లెక్క మారుతుంది. ఉత్తర పసిఫిక్ తుఫాన్ల స్వెల్ అనాహో నోటికి ఎదురుగా వస్తుంది, దిబ్బ అప్పుడు పడవ వెనక ఉంటుంది. ఆ నెలల్లో ఉత్తరపు స్వెల్ సూచన ఉంటే ముందురోజు పగలే లేచి హకతేయాకు పోవాలి, నోనోలున్నా సరే.