మిలిటరీ 9 ఎంఎం కేసుల క్రింప్: రీమరా, స్వేజరా?

అమెరికాలో రీలోడింగ్ (పేల్చేసిన తూటాల ఖాళీ గొట్టాలను, అంటే కేసులను, మళ్లీ నింపడం) చేసే మనవాళ్లు ఒకసారైనా మిలిటరీ ఇత్తడి కేసులు కొంటారు. అడుగున వలయంలో ప్లస్ గుర్తుంటే అది నాటో సరుకు. ప్రైమర్ (తూటాలో మందును అంటించే చిన్న మూత) కదలకుండా దాని చుట్టూ లోహాన్ని నొక్కి బిగిస్తారు, అదే క్రింప్. వాడేసిన ప్రైమర్ తీశాక కూడా ఆ అంచు లోపలికి వంగే ఉంటుంది. కొత్తది అక్కడే అడ్డుపడి నలుగుతుంది. ఆ అంచును సరిచేసే పనిముట్లు రెండు: కోసే రీమర్, నొక్కే స్వేజర్.

ఖర్చు: చేతి రీమర్ చవక. బల్లకు బిగించే స్వేజర్‌కు చాలా ఎక్కువ పెట్టాలి.

శ్రమ: రీమర్‌తో వంద కేసులు దాటేసరికి వేళ్లు పట్టేస్తాయి. స్వేజర్‌కు లీవర్ ఒకసారి తోస్తే చాలు. కాకపోతే కంపెనీని బట్టి కేసు అడుగు మందం మారుతుంది, స్వేజర్‌ను దానికి తగ్గట్టు సరిచేయాలి కాబట్టి అడుగున ఉన్న ముద్ర చూసి వేరు చేసుకోవాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. స్వేజర్ లోహాన్ని పక్కకు నెడుతుంది, రీమర్ కోసేస్తుంది. కోసింది తిరిగి రాదు. అంచు చుట్టూ సన్నటి మెరుపు గీత కనబడగానే ఆపేయండి. ఇంకా తిప్పితే ప్రైమర్ వదులవుతుంది. ప్రైమర్ వేలితో నొక్కగానే దిగిపోయే కేసును దయచేసి పారేయండి.

అప్పుడప్పుడు వందో రెండొందలో చేసేవాళ్లకు రీమర్ చాలు. బకెట్ల కొద్దీ కొన్నవాళ్లు స్వేజర్ తీసుకోండి, నా ఓటు దానికే. ఏది వాడినా ప్రైమర్ దిగకపోతే బలవంతంగా నొక్కకండి, పేలొచ్చు. కళ్లద్దాలు తప్పనిసరి. ఇండియాలో మాత్రం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం.